పెద్ద బాజా

దరఖాస్తులో ఆరో గడి దగ్గర నా కలం ఆగిపోయింది.

అంతవరకూ గడులన్నీ గుక్క తిప్పుకోకుండా నింపాను. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు చేగుంట, జిల్లా మెదక్. ఆరో గడిలో ‘కళాకారుని వివరం’ అని ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో మచ్చుకు కొన్ని మాటలు కూడా ఇచ్చారు: ఒగ్గు కథకుడు, డప్పు కళాకారుడు, సన్నాయి విద్వాంసుడు, చిందు భాగవతుడు.

వృద్ధ కళాకారుల పింఛను కోసం రాస్తున్న కాగితం అది. నాకు కాదు, మా వాడకట్టు కాకకు. ఆయన ముప్పై ఏళ్లు బ్యాండు పార్టీలో తిరిగాడు. పగలు వడ్ల బస్తాలు మోసేవాడు, పెండ్లిళ్ల కాలం వస్తే రాత్రిపూట బంగారు రంగు అంచుల ఎర్ర కోటు తొడుక్కుని ముందు వరుసలో నడిచేవాడు. ఒంటి మీద ఆ పెద్ద వాద్యం. అది మనిషి పట్టుకునే వస్తువులా ఉండదు, మనిషే అందులోకి దూరినట్టు ఉంటుంది. బరువంతా ఎడమ భుజం మీద ఆనుతుంది, గొట్టం ఒంటిని చుట్టుకుని పైకి లేచి నెత్తి మీద గంపంత నోరు తెరుస్తుంది. చేగుంటలో దాన్ని పెద్ద బాజా అంటాం. లోకంలో దాని పేరు ట్యూబా. ఇలా ఒంటికి చుట్టుకునే రకాన్ని సూసాఫోన్ అని విడిగా కూడా పిలుస్తారు.

మరి దాన్ని ఊదే మనిషిని ఏమంటారు?

ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. ఒక మనిషి బతుకంతా చేసిన పనికి మాట లేదంటే నాకు నిద్ర పట్టదు. ఊర్లో ఆయన్ని పిలవడానికి మాట లేక కాదు. ‘బ్యాండోడు’ అంటారు. ‘ఓ బ్యాండూ, ఇటు రా’ అంటారు. క్లారినెట్ వాయించేవాడూ బ్యాండోడే, ట్రంపెట్ ఊదేవాడూ బ్యాండోడే, గ్యాసు లైటు నెత్తిన పెట్టుకుని వెంట నడిచే ఆడమనిషి కూడా ఆ రాత్రికి బ్యాండుది. తొమ్మిది మందిని ఒక్క మాటతో చుట్టేసి బంతి ఎత్తాక మిగిలిన అన్నం పెట్టే పిలుపు అది. ఆ మాటను ఆరో గడిలో రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. 1991 మే నెలలో మా పెండ్లి బరాతుకు ఊదిన పార్టీలో కాక ఉన్నాడు. ఇప్పుడు 44వ నంబరు అంటున్న జాతీయ రహదారిని అప్పుడు ఏడో నంబరు రోడ్డు అనేవాళ్లం. మా బరాతు ఆ రోడ్డు దాటుతుంటే నాగపూర్ వైపు పోయే లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి చూశారు. ఆ రాత్రి క్లారినెట్ ఏ పాట పలికిందో నాకు గుర్తు లేదు. పక్కన జీపులో కూర్చున్న కొత్త పెండ్లాం ఏ రంగు చీర కట్టుకుందో కూడా, ఆమె వినకపోతే చెబుతాను, గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే. అన్ని చప్పుళ్ల కిందా ఒక చప్పుడు ఉండేది. చెవిలోకి కాదు, కాళ్ల కింద నేలలోంచి పైకి వచ్చి పొట్టలో కూర్చునేది. ఆ చప్పుడు మీద అడుగు పెట్టి నేను సంసారంలోకి నడిచాను. ఆ తరవాత ఇంట్లో ఏ కష్టం వచ్చినా, అమ్మ పోయిన నాడు కూడా, ఆ లోతైన ధ్వని లోపలెక్కడో మెల్లగా కదిలి నన్ను నిలబెట్టింది. ముందు వరుసలో బుగ్గలు పొంగించి నడుస్తున్న కాకను చూసి, ఇదంతా ఆ గంపంత నోటిలోంచే వస్తోందని ఆ రాత్రే తెలుసుకున్నాను.

అందుకే ఆ గడి నాకు చిన్న గడి కాదు.

మన భాషలో వాయించేవాళ్లకు పేర్ల కొరత లేదు. వీణ వాయిస్తే వైణికుడు. మృదంగమైతే మార్దంగికుడు. వేణువు ఊదితే వైణవికుడు. చేతులతో తాళం చరిచేవాళ్లను కూడా అమరకోశంలో అమరసింహుడు వదల్లేదు, వాళ్లకు పాణిఘులని పేరు పెట్టాడు. వట్టి చేతులు చరిచేవాడికే అంత మర్యాద ఉంటే, నిలువెత్తు ఇత్తడిని ఒంటికి చుట్టుకుని మెదక్ చర్చి క్రిస్మసుకూ ఏడుపాయల జాతరకూ నడిచిన మనిషికి ఉండదా?

తెలుగులో చేతికందే మాట ‘బాకా ఊదేవాడు’. కానీ దాన్ని ఎలా రాస్తాం? బాకా ఊదడమంటే పెద్దవాళ్ల గొప్పలు ఊరంతా చాటి పబ్బం గడుపుకోవడం. డప్పు కొట్టడమన్నా అంతే, భజన చేయడమన్నా అంతే. వాయించి పొట్ట పోసుకున్నవాళ్ల పనులన్నీ ఏరి ఏరి మనం తిట్లుగా మార్చుకున్నాం. వీణ వాయించడం మాత్రం తిట్టు కాలేదు. ఇది నాకు బడిలో ఉన్నప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడటం లేదు.

సరే, ఆ వాద్యం పుట్టిన చోట ఏమంటారో చూద్దామని కూర్చున్నాను. ట్యూబా అనేది లాటిన్ మాట. రోమన్ల ట్యూబా మన పెద్ద బాజాలా చుట్టలు తిరిగేది కాదు, నిటారుగా సాగిన కంచు బాకా. సైన్యం కదలాలన్నా ఆగాలన్నా అదే మోగేది. దాన్ని ఊదేవాణ్ణి ట్యూబికెన్ అనేవారు. ఆ మాటలోని రెండో సగం పాడటం అనే ధాతువు నుంచి వచ్చింది. అంటే బాకాతో పాడేవాడు! మార్చి 23న, మళ్లీ మే 23న ఆ బాకాలను శుద్ధి చేయడానికి వాళ్లకు ప్రత్యేకంగా పండుగే ఉండేది. మనం దసరాకు ఆయుధాలకూ పనిముట్లకూ బొట్టు పెట్టినట్టే అనిపించి నాకు సంతోషమేసింది.

ఇప్పటి ట్యూబా 1835 సెప్టెంబరులో బెర్లిన్‌లో పుట్టింది. విల్‌హెల్మ్ వీప్రెష్ట్ అనే సైనిక బ్యాండు అధికారి, మోరిట్జ్ అనే వాద్యాల తయారీదారు కలిసి దాని మీద పేటెంటు తీసుకున్నారు. బ్యాండులో పైన పలికే వాద్యాలు ఎన్ని ఉన్నా కింద పట్టి నిలిపే ఇత్తడి గొంతు సరైనది లేదని వాళ్ల బాధ. పెద్ద రకం ట్యూబాలో గొట్టం విప్పి సాగదీస్తే 18 అడుగులు ఉంటుంది. అంత పొడుగునా మనిషి ఊపిరి నడవాలి. ఇక ఒంటికి చుట్టుకునే రకం అమెరికాలో 1893లో వచ్చింది. జాన్ ఫిలిప్ సూసా అనే బ్యాండు నాయకుడి కోరిక మీద చేశారు కాబట్టి ఆయన పేరే పెట్టారు. మొదట్లో దాని నోరు ఆకాశం వైపు ఉండేది. వాన పట్టే గిన్నె అని వాళ్లు దాన్ని ముద్దుగా పిలిచేవారట. తరవాత నోటిని ముందుకు వంచారు. తెల్లవాళ్ల పటాలాలతో ఈ ఇత్తడి బ్యాండ్లు మన కంటోన్మెంట్లలోకి వచ్చాయి, సికింద్రాబాదు కంటోన్మెంటు 1806 నాటిది. పటాలం వదిలి పెండ్లి పందిట్లోకి వచ్చాక ఆ వాద్యాలు మనవైపోయాయి. మీరట్‌లో వీధులకు వీధులే వాటిని చేసి దేశమంతా పంపిస్తున్నాయి.

ఇంగ్లీషులో ట్యూబిస్ట్ అనే మాట ఉంది. ట్యూబా ప్లేయర్ అంటే చాలు అనేవాళ్లూ ఉన్నారు. 1973లో అమెరికాలో వాళ్లు సంఘం పెట్టుకున్నప్పుడు ట్యూబిస్ట్ అనే మాటనే తలకెత్తుకున్నారు. షికాగో సింఫనీలో ఆర్నాల్డ్ జేకబ్స్ అనే ఆయన 1944 నుంచి 1988 దాకా ట్యూబా ఊదాడు. నలభై నాలుగేళ్లు. ఊపిరితిత్తులు అంతంతమాత్రమే అయినా గాలినీ పాటనూ నమ్ముకుని ఊదినవాడు, ప్రపంచమంతా ఆయన దగ్గరికి ఊపిరి తీసే తీరు నేర్చుకోవడానికి వెళ్లింది. అది చదువుతుంటే నాకు మా కాకే కళ్ల ముందు మెదిలాడు. షికాగోలో పుట్టి ఉంటే ఈయన దగ్గరికీ జనం రాకపోయేవారా?

ట్యూబిస్ట్ అని రాయడం నాకు ఇష్టం లేదు. కాక దాన్ని పలకలేడు. తన పేరు తాను పలకలేని మనిషి ఆ పేరు మీద పింఛను ఎలా అడుగుతాడు? పదిహేను రోజులు వెతికాను. చివరికి సంస్కృత నిఘంటువులో దొరికింది కాహళ. ఉమ్మెత్తపువ్వు ఆకారంలో ఉండే ఊదుడు వాద్యమని అర్థం ఇచ్చారు. ఉమ్మెత్తపువ్వు! కాక నెత్తి మీద విచ్చుకునే ఇత్తడి నోరు అచ్చం అదే. పెద్ద రణభేరి అని ఇంకో అర్థం కూడా ఉంది గానీ అది మనకు అక్కర్లేదని దాటేశాను. కింది స్థాయిలో పలికేది కాబట్టి ముందు మంద్ర చేర్చాను. ఆరో గడిలో నా చేతిరాత ఎంత బాగుంటుందో అంత బాగా, మంద్రకాహళ విద్వాంసుడు అని రాశాను. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

దరఖాస్తుకు పాత ఫొటో కూడా జతచేయాలి. వాద్యంతో ఉన్నది కావాలట. కాక దగ్గర లేదు. మా పెండ్లి ఆల్బంలో ఉంది. ఎర్రకోటు, నెత్తిన నోరు, పొంగిన బుగ్గలు, అన్నీ స్పష్టంగా ఉన్న ఫొటో. ఒక అంచున ఇంకొకరి చెయ్యి కాస్త అడ్డం వచ్చింది. ఇచ్చిన కొలతకు సరిపోయేలా ఆ పక్క కత్తిరించి, కాక ఒక్కడే నిండుగా కనిపించేట్టు అంటించాను.

ఆదివారం మధ్యాహ్నం కాగితం పట్టుకుని వడియారం స్టేషన్ దిక్కు నడిచాను. కాక ఇల్లు అటే. వాకిట్లో వేప చెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద బనియను కూడా లేదు. చిన్నమ్మ లోపల చాయ్ పెడుతోంది. డీజేలు వచ్చాక పార్టీ లేచిపోయింది, ఎగబెట్టిన కూలికి బదులుగా కాకకు ఆ బాజానే ఇచ్చి చేతులు దులుపుకున్నారని నాకు తెలుసు. అది గోడ వారన పాత చీరలో చుట్టి పెట్టి ఉంది. దాని పక్కన తోలు పగిలిన పెద్ద డోలు ఒకటి పక్కకు వాలి ఉంది. ఆ పగిలిన నోట్లో గడ్డి వేసుకుని కోడి పొదుగుతోంది. నేను పోతుంటే మెడ తిప్పి చూసింది గానీ లేవలేదు.

ఆయన ఎడమ భుజం నా కంటికి దగ్గరగా ఉంది. మెడకూ భుజానికీ నడుమ అరచేతి మందాన నల్లటి కాయ. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకున్న చోట ఉంటుందే, అదే రంగు, అదే గట్టిదనం. ఏళ్ల తరబడి ఇత్తడి ఊదిన వాళ్లకు పెదవి మీద గుండ్రంగా గుర్తు పడుతుందని చదివాను. అది కూడా చూద్దామనుకున్నాను. తెల్ల మీసం పెదవి మీదకు దిగి ఏమీ కనిపించలేదు.

“కాకా, నీకు పేరు దొరికింది” అన్నాను.

“నాకు పేరు లేదా సారూ?”

“నీ పనికి.”

చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను. “మంద్ర…” అని ఆగి, నోట్లో తిప్పుకుని, “కాహళ” అన్నాడు. గుళ్లో తీర్థం పుచ్చుకున్నట్టు ఎంతో జాగ్రత్తగా పలికాడు. లోపలికి చూసి, “ఇంటున్నవా, మనకు గింత పేరున్నదంట” అని చిన్నమ్మకు చెప్పాడు. ఆమె చాయ్ గ్లాసులు తెచ్చి ఇచ్చి అక్కడే గడపలో కూర్చుంది. ఆయన ముఖం చూస్తోంది.

రోమన్ల సంగతి చెప్పాను. షికాగో ఆయన సంగతి చెప్పాను. 18 అడుగుల గొట్టంలో ఊపిరి నడిచే తీరు చెప్పాను. ఇంకుప్యాడ్ తీసి మంచం మీద పెట్టి, ఇక్కడ వేలిముద్ర వేయి కాకా అని చోటు చూపించాను.

ఆయన వేలు ముంచలేదు.

“పేరు మస్తుగున్నది సారూ. గింత కష్టపడి తెచ్చినవు. కానీ అది ఊదెటోనికి గదా.”

“నువ్వు ఊదావు కదా కాకా.”

“నేను ఊదలే. మోసిన.”

నాకు అర్థం కాలేదు. చిన్నమ్మ తల వంచుకుని గ్లాసు అంచు తుడుస్తోంది.

“దాని బొత్తాలు కొన్ననాడే పట్టేసినయి. సెకండుహాండుల తెచ్చిండ్రు. బాగు చేపిస్తె మస్తు పైసలైతయని ఇడిసిపెట్టిండ్రు. తొమ్మిది మంది బ్యాండు మాట్లాడుకుంటె పెండ్లోళ్లు తొమ్మిది డ్రెస్సులు లెక్క పెట్టుకుంటరు సారూ, తొమ్మిది సప్పుళ్లు లెక్క పెట్టుకోరు. ముంగట గిది లేకుంటె పైసలు కోస్తరు. బస్తాలు మోసెటోడు గట్టిగుంటడని నన్ను దోలుకపోయిండ్రు. బుగ్గలు ఉబ్బిచ్చుడు నేర్పిచ్చిండ్రు. ఒక్కపారి ఎవ్వలు లేనప్పుడు నిజంగనే ఊది చూసిన. నా గాలి నాకే ఎదురొచ్చింది.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం కాకా?”

“నువ్వు అడగలే. ఊదెటోనివి గదా అన్నవు. నేను తల ఊపిన.”

నేను గోడ వారనున్న చీర మూటకేసి చూశాను. “మరి మా బరాతులో… రోడ్డు దాటేటప్పుడు… నా పొట్టలో ఆ చప్పుడు…”

కాక వెంటనే జవాబు ఇవ్వలేదు. కోడి పొదుగుతున్న డోలు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

“అది మా తమ్ముని డోలు. గా సప్పుడు వానిది. ఆరేండ్లాయె వాడు పోయి.”

కాగితాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. అక్షరాలు రావు కాబట్టి ఆరో గడి మీద ఆగలేదు, చూపు తిన్నగా ఫొటో మీదకు పోయింది. కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. బొటనవేలితో దాని ఎడమ అంచు తడిమాడు, నేను కత్తెర పెట్టిన అంచు.

“వాడు ఎన్నడు నా పక్క ఇడిసి నడవలేదు సారూ. ఈడ వాని చెయ్యి ఉండాలె గదా, ఏడ పోయింది?”